జర్మనీ కమతం పేరు ఇంటిపేరవుతుందా? మామగారి వంశవృక్షంలో ఏది రాయాలి?

మిస్సోరి కోడలు
వచ్చే నెల మా మామగారికి 80 నిండుతాయి. వాళ్ల వంశవృక్షం కట్టి చేతిలో పెడదామని ఆరు నెలలుగా కూర్చున్నాను. మా ఆయన వాళ్లది మిస్సోరిలో తరతరాలుగా సేద్యం చేసిన జర్మన్ కుటుంబం. 1845లో బ్రెమెన్‌లో ఓడెక్కి, న్యూ ఆర్లీన్స్‌లో దిగి, మిసిసిపీ మీద సెయింట్ లూయిస్‌కి వచ్చారు. 1850 సెన్సస్‌లో పుట్టిన చోటు 'ప్రష్యా' అని ఒక్క ముక్క, అంతే. గోదావరి జిల్లావాణ్ణని చెప్పాల్సిన చోట 'మద్రాసు ప్రెసిడెన్సీ' అన్నట్టు! చివరికి ఊరు దొరికింది ఇక్కడి జర్మన్ చర్చి రిజిస్టర్లో. వాయవ్య జర్మనీలోని వెస్ట్‌ఫాలియాలో, టెక్లెన్‌బుర్గ్ పక్కన.

అక్కడి చర్చి పుస్తకాలు ఆర్కియోన్ అనే వెబ్‌సైటులో డబ్బు కట్టి చూశాను. 1797 పెళ్లి నమోదులో పెళ్లికొడుకు పేరు 'ష్రోడర్ గెనాన్ట్ మాయర్' అని ఉంది (అసలు పేర్లు మార్చాను). గెనాన్ట్ అంటే 'అని పిలవబడే'. తర్వాత పుట్టిన పిల్లలంతా ఒట్టి మాయర్లు. మామగారూ మాయరే. తీరా చూస్తే మాయర్ అన్నది ఆ కమతం పేరట! ఇప్పుడు ఈయన మాయరా, ష్రోడరా? చెట్టు మీద ఏం రాయను?

లెక్కల మాస్టారు
ష్రోడర్ అని రాయండి. వంశవృక్షం అంటే రక్తం లెక్క. తండ్రి నుంచి కొడుక్కి దిగే వై క్రోమోజోము పరీక్ష చేయిస్తే మీ మామగారు ష్రోడర్లతో కలుస్తారు, మాయర్లతో కాదు. కమతానికి కాపురం వచ్చి కమతం పేరు పెట్టుకున్నాడు, అంతే కదా. మా ఊళ్లో ఇల్లరికం వచ్చిన అల్లుడు మామగారి పొలం దున్నుతాడు గానీ ఇంటిపేరు మార్చుకోడు.

గోదారిగట్టు
మాస్టారూ, మరి దత్తత పోయినవాడి సంగతి? ఇంటిపేరుతో పాటు గోత్రం కూడా మారిపోతుందే! మన ఇంటిపేర్లు మాత్రం రక్తంలోంచి ఊడిపడ్డాయా? చాలావరకు ఊరిపేర్లే కదా. మా ఇంటిపేరున్న ఊళ్లో మావాళ్లెవరూ లేరిప్పుడు. వాళ్లకి ఊరి బదులు కమతం, అంతే తేడా.

కొత్త సభ్యుడు
ఇంత అవసరమా? న్యూయార్కు రేవులో వలసవచ్చినవాళ్లని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో గుమాస్తాలు నోరు తిరక్క పేర్లు మార్చేసేవాళ్లని అందరికీ తెలిసిందే. అదే అయ్యుంటుంది.

పాతకాగితం
1845లో వచ్చినవాడి పేరు 1892లో తెరిచిన చోట మార్చారా స్వామీ? పైగా దిగింది న్యూయార్కు కూడా కాదు. అసలు ఎల్లిస్ ఐలాండ్‌లో కూడా పేర్లు రాసింది అక్కడివాళ్లు కాదు. ఓడ కంపెనీవాళ్లు ఎక్కే రేవులోనే జాబితా రాసిచ్చేవాళ్లు, ఇక్కడ దాన్ని చూసి సరిచూసుకునేవాళ్లు. పేర్లు మారింది ఆ తర్వాత, పక్కింటివాళ్లూ బడి పంతుళ్లూ పలకలేక. కొన్ని తామే మార్చుకున్నవి.

ఇక అసలు విషయం. వెస్ట్‌ఫాలియా, లిప్పె, ఓస్నాబ్రూక్ వైపు పేరు మనిషిది కాదు, కమతానిది. కమతం ముక్కలు చేయకూడదు, ఒక్కరికే దక్కాలి. కొన్ని చోట్ల పెద్దకొడుక్కి, కొన్ని చోట్ల చిన్నవాడికి. కొడుకులు లేకపోతే కూతురికి. ఆమెను చేసుకున్నవాడు కమతం పేరు తీసుకుంటాడు. దక్షిణాన వ్యూర్టెంబెర్గ్ వైపు ఇందుకు తిరగేసిన వ్యవహారం, అందరికీ పంచి పంచి చివరికి మడి చెక్క మిగిలేది. రెండు వైపుల నుంచీ జనం అమెరికాకి ఎక్కారు, ఒకచోట భూమి పంచనందుకు, ఇంకోచోట పంచినందుకు.

కాబట్టి కోడలమ్మ గారూ, ఒకే పేరు ఎంచుకోవాలన్న పట్టింపే వద్దు. ఏ ఏడాది ఏ కాగితంలో ఏముందో అదే రాయండి. 1797 దగ్గర 'ష్రోడర్ గెనాన్ట్ మాయర్', పిల్లల దగ్గర 'మాయర్'.

లెక్కల మాస్టారు
అది తప్పించుకోవడం. మనిషికి ఒక పేరుండాలి. ఇలా రాస్తే రేపు వెతికేవాడు ఇద్దరు వేరు వేరు మనుషులనుకుంటాడు.

పాతకాగితం
ఆ మనిషికే రెండు పేర్లున్నాయి మరి. నేనేం చెయ్యను?

గోదారిగట్టు
మాస్టారి మాట పట్టుకుని ష్రోడర్ అని రాస్తే, పుట్టినరోజు నాడు ఆ పెద్దాయన మొహం ఎలా ఉంటుందో ఆలోచించారా? 80 ఏళ్లు మాయర్‌గా బతికినాయన.

బెర్లిన్ బాటసారి
ఆలస్యంగా వచ్చాను. ఇద్దరూ ఒకటి ఒప్పేసుకుని కొట్టుకుంటున్నారు, పెళ్లికూతురు మాయర్ ఆడపడుచు అని. ఎవరైనా చూశారా? ఆమె వితంతువు అయితే కథ వేరు. కమతందారు చిన్న వయసులో పోతే పొలం పడావు పడకూడదని, పిల్లవాడు ఎదిగేదాకా వితంతువుకి మళ్లీ పెళ్లి చేసేవాళ్లు. ఆ రెండో భర్తని 'ఇంటరిమ్స్‌విర్ట్' అంటారు, అంటే మధ్యకాలపు కమతందారు. అతనికీ కమతం పేరే వస్తుంది, రెండో పెళ్లి పిల్లలకీ అదే పేరు. కానీ మొదటి భర్త కొడుకు చేతికొచ్చాక కమతం అతనికి అప్పగించి, ముసలితనానికి విడిగా ఇచ్చిన ఇంట్లోకి వెళ్లిపోవాలి.

పెళ్లికూతురి పేరు పక్కన ఏమన్నా పొట్టి మాట ఉందేమో చూడండి. ఆ కాలపు కుర్రెంట్ అనే జర్మన్ చేతిరాతలో 'ఇ' (e) అక్షరం అచ్చం 'ఎన్' (n)లా ఉంటుంది. నేను మొదట్లో నెలల తరబడి తప్పు చదివాను.

మిస్సోరి కోడలు
రాత్రి ఒంటిగంట దాకా ఆ పేజీ పెద్దది చేసుకుని చూశాను. పేరుకి ముందు ఉన్న గీతల గుంపును ఆమె రెండో పేరు అనుకుని చెట్టులో కూడా ఎక్కించేశాను, సిగ్గుగా ఉంది. చివరి అక్షరం 'ఎన్' కాదు, 'ఇ'. 'డబ్ల్యూ డబ్ల్యూ ఇ', చుక్క. వితంతువుకి పొట్టిరాత!

వెనక్కి తిప్పితే 1796లో మాయర్ ఖననం ఉంది. 1791లో వాళ్లకో కొడుకు పుట్టాడు. అంటే 1797 నాటికి ఆ పిల్లాడికి ఆరేళ్లు. మా వాళ్లది రెండో పెళ్లి సంతానం, 1801లో పుట్టినాయన. ఆయన పిల్లల బాప్తిస్మం నమోదుల్లో తండ్రి వృత్తి దగ్గర 'హాయర్‌లింగ్' అని ఉంది.

పాతకాగితం
అబ్బ, ఇదమ్మా సంగతి! హాయర్‌లింగ్ అంటే కమతందారు దగ్గర చిన్న గుడిసె, కాస్త చెక్క కౌలుకి తీసుకుని, పిలిచినప్పుడల్లా పనికి పోవాల్సినవాడు. మన పాలేరుకీ కౌలుదారుకీ మధ్య మనిషి. కోతల నాడు తన చెక్క వదిలేసి కమతందారు చేలోకి పోవాలి. చాలామంది వేసవిలో హాలెండుకు నడిచిపోయి గడ్డి కోసి, పీట్ (పొయ్యిలోకి వాడే చిత్తడినేల మట్టి) తవ్వి నాలుగు డబ్బులు తెచ్చుకునేవాళ్లు. అక్కడి నుంచి ఓడలెక్కింది ఎక్కువగా వీళ్లే.

గోదారిగట్టు
అంటే పేరు కమతానిది, భూమి మాత్రం సెంటు లేదు. మారు అన్న (మొదటి భర్త కొడుకు) దగ్గరే కౌలుకి ఉండి ఉంటాడా?

లెక్కల మాస్టారు
ఒకటి ఒప్పుకుంటున్నాను. నేను వధువు మాయర్ రక్తమనే అనుకున్నాను, అదీ లేదన్నమాట. పెళ్లికొడుకూ కాదు, పెళ్లికూతురూ కాదు. నా మాట ప్రకారం అయితే మాయర్ అన్న పేరుకి హక్కే లేదు. కానీ ఆ పేరు లేకపోతే వీళ్లు ఓడెందుకు ఎక్కారో తెలిసేది కాదు. సరే, రెండూ రాయండి. పైన ష్రోడర్, గెనాన్ట్ తీయకుండా.

గోదారిగట్టు
మాస్టారు ఒక మెట్టు దిగారు, తేదీ రాసి పెట్టుకోండి.

మిస్సోరి కోడలు
నిన్న ఆగలేక మామగారికి ఫోన్లో చెప్పేశాను, పుట్టినరోజు దాకా దాచుకోలేకపోయాను. పేరు గురించి ఏమంటారో అని భయపడ్డాను. దాని గురించి ఒక్క ముక్క అడగలేదు. కాసేపు ఊరుకుని, "ఆ అన్న వీళ్లకి ఎన్ని ఎకరాలిచ్చాడు, కౌలు ఎంత వేశాడు?" అన్నారు. చర్చి పుస్తకంలో ఆ లెక్క లేదు. ఎక్కడుంటుందో ఎవరికైనా తెలుసా?

బెర్లిన్ బాటసారి
ముందు ఆ కమతం ఏ దొర కింద ఉండేదో కనుక్కోండి. కాగితాలు ఆ దొర ఎస్టేటు పేరు మీద కట్టి ఉంటాయి, కమతం పేరు మీద వెతికితే దొరకవు. మ్యూన్‌స్టర్‌లోని రాష్ట్ర ఆర్కైవుకి ఉత్తరం రాసి అడగొచ్చు. కానీ మామగారికి ముందే చెప్పి ఉంచండి, కమతందారు దొరకు కట్టింది కాగితం మీద ఉంటుంది. హాయర్‌లింగ్‌తో కౌలు చాలాసార్లు నోటిమాటే.