క్వేకర్ కుటుంబాల ఉత్తరాలు: ఒకే ఇంటి కాగితాలు ఇన్ని చోట్ల ఎందుకున్నాయి?

చరిత్ర విద్యార్థిని (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో బానిసత్వ నిర్మూలన కోసం, స్త్రీల హక్కుల కోసం పనిచేసిన క్వేకర్ (ఫ్రెండ్స్ అని కూడా పిలిచే క్రైస్తవ శాఖ) మహిళల మీద పరిశోధన చేస్తున్నాను. లుక్రీషియా మాట్ (1793–1880) తన చెల్లెలు మార్తా కాఫిన్ రైట్‌కు రాసిన ఉత్తరాల కోసం కేటలాగులు వెతికితే, కొన్ని పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కళాశాలలోనూ, కొన్ని మసాచుసెట్స్‌లోని స్మిత్ కళాశాలలో గారిసన్ కుటుంబం పేరు కిందా కనిపించాయి. ఫిలడెల్ఫియాకు చెందిన ఎలిజబెత్ డ్రింకర్ దినచర్య ఈ రెండు చోట్లా కాక పెన్సిల్వేనియా హిస్టారికల్ సొసైటీలో ఉంది. ఈ కాగితాలు ఇలా చెదిరిపోవడానికి ఏదైనా క్రమం ఉందా, లేక ఎవరికి తోచిన చోట వారు ఇచ్చేశారా? నెల పేరుకు బదులు అంకె వేసిన తేదీలను ఎలా చదవాలో కూడా తెలిసినవారు చెప్పగలరు.

గ్రంథాలయ ఉద్యోగి:

క్రమం ఉందండి. ఉత్తరం సాధారణంగా రాసినవారి ఇంట్లో మిగలదు, అందుకున్నవారి ఇంట్లో మిగులుతుంది. అక్కడి నుంచి వారసత్వంగా ఎవరి చేతికి వెళ్తే వారి ఇంటిపేరు మీదనే పత్రాగారానికి చేరుతుంది. మార్తా న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో కాపురం ఉండేవారు. ఆమె కూతురు ఎలెన్ 1864లో బానిసత్వ వ్యతిరేక ఉద్యమ నాయకుడు విలియం లాయిడ్ గారిసన్ కుమారుణ్ణి పెళ్ళి చేసుకున్నారు. అందువల్ల రైట్ కుటుంబం కాగితాలు గారిసన్ కుటుంబ పత్రాలలో కలిశాయి. లుక్రీషియా మాట్ పేరు కిందనే వెతికేవారు వీటిని దాటిపోతారు. మీరు ముందుగా అక్కచెల్లెళ్ళూ, కూతుళ్ళూ, కోడళ్ళూ ఎవరెవరో, వారు ఏయే ఇళ్ళకు వెళ్ళారో ఒక వంశవృక్షం గీసుకుని, అందులోని ప్రతి ఇంటిపేరుతోనూ కేటలాగు చూడండి. పైగా లుక్రీషియా ఒక్కరికి రాసిన ఉత్తరాన్ని మిగతా బంధువులకు కూడా పంపించమని కోరేవారు కనుక, ఉత్తరం మీద ఉన్న పేరుకూ అది చివరికి దొరికిన ఇంటికీ పొంతన లేకపోయినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

రెండో కారణం క్వేకర్ సమాజంలో వచ్చిన చీలిక. 1827లో ఫిలడెల్ఫియా క్వేకర్లు ఆర్థడాక్స్, హిక్సైట్ అనే రెండు వర్గాలుగా విడిపోయారు. 1833లో మొదలైన హేవర్‌ఫర్డ్ కళాశాల మొదటి వర్గానిది, 1864లో ఏర్పడిన స్వార్త్‌మోర్ రెండోవారిది. మాట్ దంపతులు హిక్సైట్ పక్షాన ఉన్నారు కాబట్టి ఆమె కాగితాలు స్వార్త్‌మోర్‌లోని ఫ్రెండ్స్ హిస్టారికల్ లైబ్రరీలో ఉండటం సహజమే. ఆ రెండు వర్గాలు 1955లో తిరిగి కలిసిపోయాయి గానీ, ఏ కుటుంబం ఏ పక్షాన నిలిచిందో తెలుసుకుంటే ఏ కళాశాల కేటలాగు ముందు తెరవాలో ఇప్పటికీ కొంతవరకు తేలుతుంది.

డ్రింకర్ల సంగతి వేరు. ఎలిజబెత్ భర్త హెన్రీ డ్రింకర్ నగరంలో పెద్ద వర్తకుడు. ఆయన వ్యాపార పత్రాలూ, పెంబర్టన్ వంటి మరో వర్తక కుటుంబం పత్రాలూ కూడా ఆ హిస్టారికల్ సొసైటీలోనే ఉన్నాయి. 1777లో స్వాతంత్ర్య యుద్ధ సమయంలో విధేయతా ప్రమాణం చేయని క్వేకర్ ప్రముఖులను వర్జీనియాలోని వించెస్టర్‌కు పంపినప్పుడు హెన్రీ కూడా వారిలో ఉన్నాడు. మరుసటి ఏప్రిల్‌లో ఎలిజబెత్ మరో ముగ్గురు స్త్రీలతో కలిసి సేనాని జార్జ్ వాషింగ్టన్‌ను కలవడానికి ఆయన సైనిక శిబిరం ఉన్న వ్యాలీ ఫోర్జ్ వెళ్ళింది. 1758 నుంచి 1807 దాకా సాగిన ఆ దినచర్యలో ఈ భాగాన్ని తప్పక చదవండి. రాజకీయ చరిత్ర ఒక గృహిణి కంటితో ఇంత నేరుగా కనబడటం అరుదు.

వంశవృక్షాల ఆసక్తిపరుడు:

తేదీల విషయం నేను చెబుతాను. నెలల పేర్లలోనూ, వారాల పేర్లలోనూ అన్యమత దేవతల పేర్లున్నాయని క్వేకర్లు వాటిని వాడేవారు కాదు. ఆదివారాన్ని మొదటి రోజు అని రాసేవారు. చిక్కల్లా 1752కు ముందటి ఉత్తరాలలోనే ఉంది. అప్పటివరకు ఇంగ్లండులోనూ, దాని వలసలలోనూ చట్టప్రకారం సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి వారి మొదటి నెల మార్చి. అంటే 1740 పదకొండో నెల అని రాసిన ఉత్తరం మన లెక్కలో 1741 జనవరిది. 1752 తరువాత మొదటి నెల అంటే జనవరి. మీరు నకలు రాసుకునేటప్పుడు మూలంలోని తేదీని ఉన్నదున్నట్టు రాసి, మీ లెక్కను పక్కన వేరుగా పెట్టుకోండి.

ఇంకొక మాట. ఉత్తరాలు ఎన్ని దొరికినా మీటింగు (క్వేకర్ల సంఘం) రికార్డులను వదలకండి. స్థానిక సంఘమైన నెలవారీ మీటింగు మినిట్స్ (సమావేశాల నమోదు పుస్తకాలు), ఒక ఊరి నుంచి మరో ఊరికి మారేవారికి ఇచ్చిన ధ్రువపత్రాలు, హాజరైనవారందరూ సంతకాలు చేసిన వివాహపత్రాలు, స్త్రీల మీటింగుకు విడిగా ఉన్న మినిట్స్, ఇవన్నీ ఉత్తరాలలో పొట్టి పేరుతో మాత్రమే కనిపించే బంధువు ఎవరో తేల్చిపెడతాయి. అలాగని వాటినే నమ్ముకోకూడదు. మార్తా 1824లో క్వేకర్ సమాజం బయటి వ్యక్తిని పెళ్ళాడినందుకు ఆమెను సభ్యత్వం నుంచి తొలగించారు. ఆ తరువాత మినిట్స్‌కు ఆమెతో పని లేదు. అక్కకు మాత్రం ఆమె చివరిదాకా చెల్లెలే కాబట్టి, తరువాతి యాభై ఏళ్ళ జీవితం మనకు ఉత్తరాలలోనే దొరుకుతుంది.

పాత ప్రతుల పాఠకురాలు:

వారసులు ఏమి మిగిల్చారో, ఏమి అచ్చువేశారో కూడా చూడాలి. జైళ్ళ సంస్కర్త ఎలిజబెత్ ఫ్రై (1780–1845) జ్ఞాపకాలను ఆమె కూతుళ్ళు ఇద్దరు 1847లో తమ ఎంపిక ప్రకారం ప్రచురించారు. అటువంటి అచ్చు పుస్తకంలో కనిపించే నిశ్చింత రాతప్రతిలోనూ ఉందని అనుకోవద్దు. కుటుంబ ఉత్తరాలలో ఆ ఇంటి పనివారూ, ఆ ఇంట బానిసలుగా ఉన్నవారూ సాధారణంగా ఒక్క పేరుగా మాత్రమే వచ్చి పోతారు. ఆ ప్రాంతపు క్వేకర్ల పై సంఘమైన ఫిలడెల్ఫియా వార్షిక మీటింగు 1776లో సభ్యులు బానిసలను ఉంచుకోకూడదని నిర్ణయించింది. ఆ కాలపు విముక్తి పత్రాలు హేవర్‌ఫర్డ్‌లో ఉన్నాయి. మీ అంశానికి అవి ఉత్తరాల కంటే ఎక్కువ పనికివస్తాయని నా అభిప్రాయం.

చరిత్ర విద్యార్థిని:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ముందు వంశవృక్షంతోనే మొదలుపెడతాను. మన దేశానికి సంబంధించిన క్వేకర్ పత్రాలు కూడా ఇలాగే కుటుంబాల పేరు మీద ఉంటాయా?

గ్రంథాలయ ఉద్యోగి:

స్వాతంత్ర్యోద్యమ కాలానికి సంబంధించినంతవరకు కుటుంబం కంటే సంస్థ పేరు మీద వెతకడం మంచిదండి. లండన్‌లో యూస్టన్ రోడ్డులోని ఫ్రెండ్స్ హౌస్ గ్రంథాలయంలో ఇండియా కన్సిలియేషన్ గ్రూప్ కాగితాలున్నాయి. 1931లో ఏర్పడిన ఆ బృందానికి అగాథా హారిసన్ కార్యదర్శి, హొరేస్ అలెగ్జాండర్ ముఖ్య సభ్యుడు. ఇద్దరూ గాంధీజీకి సన్నిహితులు. గాంధీజీ వారికి రాసిన ఉత్తరాలు చాలావరకు ఆయన సంపూర్ణ రచనలలో అచ్చయ్యాయి కాబట్టి, వాటిని ఇక్కడే చదివి తేదీలు రాసిపెట్టుకుంటే, లండన్ గ్రంథాలయానికి ఏ కట్ట కావాలో స్పష్టంగా అడగగలుగుతారు.