తంగేడు ఆకు సారం: కంట్రోల్ గుంట చుట్టూ కూడా జోన్ వస్తోంది

హన్మకొండ_ఎమ్మెస్సీ:
పాకాల దారిలో కోసి నీడన ఆరబెట్టిన తంగేడు ఆకును మెథనాల్‌లో నానబెట్టి, వడగట్టిన సారాన్ని అగార్ ప్లేటులోని బ్యాక్టీరియా స్టెఫిలోకాకస్ ఆరియస్‌పై పరీక్షించగా సారం పోసిన గుంట చుట్టూ 14 మిల్లీమీటర్ల జోన్ (బ్యాక్టీరియా పెరగని వలయం) వచ్చింది. ఈ.కోలై అనే మరో బ్యాక్టీరియాపై ఏమీ రాలేదు. అయితే పోలిక కోసం ఉత్త మెథనాల్ పోసిన కంట్రోల్ గుంట చుట్టూ కూడా 11 మిల్లీమీటర్లు కనిపించింది. 14లోంచి 11 తీసివేసి రాయవచ్చునా?

నేలవేము:
తీసివేయకూడదండీ. గాఢత రెట్టింపైతే జోన్ రెట్టింపు కాదు కనుక ఆ లెక్కకు అర్థం లేదు. మెథనాల్ పూర్తిగా ఆవిరయ్యేదాకా ఆరబెట్టి, మిగిలిన ముద్దను తూచి డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించండి. సారం లేని ఉత్త డీఎంఎస్‌ఓను అంతే పరిమాణంలో కంట్రోల్ గుంటలో పోయండి. ఈ.కోలై విషయంలో దిగులు వద్దు, అది గ్రామ్ నెగటివ్ రకం, ఆ రకం బ్యాక్టీరియా వెలుపలి పొర చాలా మొక్కల పదార్థాలను లోనికి రానివ్వదు.

పాత_ల్యాబు:
ప్లేటులో పోసే ముల్లర్ హింటన్ అగార్ (బ్యాక్టీరియాను పెంచే గడ్డ) మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి, బ్యాక్టీరియా ద్రవం మసకను కొలిచే ప్రమాణంలో 0.5 మెక్‌ఫార్లాండ్‌కు సరిపోవాలి. మేము ఒకసారి పలుచగా పోసిన ప్లేటులో వచ్చిన పెద్ద జోన్‌ను చూసి వారం రోజులు మురిసిపోయాము. పైగా తంగేడులో టానిన్లు ఎక్కువ, ఆ పెద్ద అణువులు అగార్‌లో సరిగా పాకవు. అందుచేత జోన్ చిన్నదైనంత మాత్రాన సారం బలహీనమని అనుకోక, 96 గుంటల ప్లేటులో ఎంఐసీ (పెరుగుదలను ఆపే అతి తక్కువ గాఢత) చూడండి. సారం రంగు వల్ల బ్యాక్టీరియా పెరిగిన మసక తెలియదు కనుక రెసజురిన్ అనే నీలి రంగు వేయాలి. బ్యాక్టీరియా పెరిగిన చోట నీలం గులాబీగా మారుతుంది.

జగిత్యాల_బాటనీ:
బూజుల మీద కూడా చేసేవారికి ఒక మాట. ఆస్పర్జిల్లస్ నైగర్ ప్లేటులో పోలిక కోసం ఫ్లూకొనజోల్ అనే బూజు మందు పెట్టి, జోన్ రాలేదని మా బ్యాచ్ వాళ్లము మందునే అనుమానించాము. ఫ్లూకొనజోల్ క్యాండిడా అనే ఈస్టుకు పనికివస్తుంది కానీ ఆస్పర్జిల్లస్‌కు సహజంగానే పనిచేయదు; అక్కడ ఆంఫోటెరిసిన్ బి పెట్టాలి.

హన్మకొండ_ఎమ్మెస్సీ:
అందరికీ కృతజ్ఞతలు. డీఎంఎస్‌ఓతో మళ్లీ చేశాను. కంట్రోల్ శుభ్రంగా ఉంది, తంగేడు జోన్ 10కి దిగింది, అందులో గుంట వ్యాసమే 6. రెసజురిన్ వేస్తే, గాఢత ఎక్కువున్న గుంటల్లో బ్యాక్టీరియా వేయకున్నా గులాబీ రంగు వచ్చింది.

పాత_ల్యాబు:
బ్యాక్టీరియా చేసే పనిని సారమే చేసి రంగును క్షయకరించిందన్నమాట (గులాబీగా మార్చింది). అదే గాఢతలో బ్యాక్టీరియా వేసిన గుంటల్లోంచి తలా ఒక లూపు (తీగ ఉంగరంతో ఒక చుక్క) తీసి కొత్త అగార్‌పై గీసి, మరునాడు కాలనీలు వచ్చాయో లేదో చూడండి.