చర్చి సంఘం లెక్కలు అడగడం "అభిషిక్తుని ముట్టడమా"?

తెకోవ: బైబిల్లో మీకా ప్రవక్త గ్రంథం 3:11 చూడండి. పెద్దలు లంచానికి తీర్పు చెబుతున్నారు, యాజకులు కూలికి బోధిస్తున్నారు, ప్రవక్తలు డబ్బుకు సోదె చెబుతున్నారు. ముగ్గురినీ ఒకే వచనంలో నిలదీశాడు. మనం పాస్టర్లను లెక్కలు అడిగితే మాత్రం "నా అభిషిక్తులను (దేవుడు ఏర్పరచుకున్నవాళ్లను) ముట్టకూడదు" అనే కీర్తన 105:15 చూపించి నోరు మూయిస్తారు.

శాంతిబాట: దావీదు రాజు తప్పు చేస్తే నాతాను ప్రవక్త అతని దగ్గరికే వెళ్లి చెప్పాడు. బజారుకెక్కలేదు.

తెకోవ: యిర్మీయా ప్రవక్త గ్రంథం 22 కూడా చదవండి. రాజనగరు గుమ్మాల్లో రాకపోకలు చేసే జనానికీ వినిపించమన్నాడు దేవుడు. ఐగుప్తు రాజు ఫరో నెకో 100 తలాంతుల వెండి, ఒక తలాంతు బంగారం కప్పం వేస్తే యూదా రాజు యెహోయాకీము దాన్ని జనం దగ్గరే పిండాడు. అలాంటివాడు కూలి ఎగ్గొట్టి దేవదారు పలకలతో, ఎర్రరంగుతో మేడ కట్టుకున్నాడు. "నీ తండ్రి యోషీయా కూడా తిన్నాడు, తాగాడు, అయినా న్యాయం చేశాడు కదా" అని యిర్మీయా అడిగింది అతన్నే.

కొత్తసభ్యుడు: ఆమోసు ప్రవక్త కూడా తన గద్దింపు బేతేలు గుడిలోనే, అందరి ముందే అన్నాడుగా.

శాంతిబాట: ఆమోసు తిట్టింది వర్తకుల్ని. కొలత చిన్నది చేసి, తూకంరాయి బరువు పెంచి, గోధుమల్లో తాలు కలిపినవాళ్లని. నాయకుల మాట ఎక్కడుంది?

తెకోవ: ఆమోసు 5:12లో ఉంది: లంచం పుచ్చుకుని గుమ్మంలో బీదవాళ్లకు న్యాయం జరగనివ్వనివాళ్లను తిట్టాడు. అప్పట్లో ఊరి గుమ్మమే కోర్టు. గింజలు కొలిచేటప్పుడు తక్కువ, వెండి తూచుకునేటప్పుడు ఎక్కువ; రెండుచోట్లా పోయేది కొనేవాడికే. వాడు మొరపెట్టుకోవాల్సిన గుమ్మంలోనే లంచం నడిస్తే దొంగతూకం ఎలా ఆగుతుంది? "ఇది రాజు ప్రతిష్ఠిత స్థలం, ఇక్కడ ప్రవచించకు" అని ఆమోసును తరిమింది బేతేలు యాజకుడు అమజ్యా. మీరంటున్నదీ అదే.

శాంతిబాట: నన్ను అమజ్యాతో పోలుస్తారా? ఇలా లెక్కలంటూ రోడ్డెక్కే మా సంఘం రెండు ముక్కలైంది, కేసులు ఇంకా నడుస్తున్నాయి. మీరు ఎవరి మీద కోపంతో రాస్తున్నారో అందరికీ తెలుసు.

తెకోవ: నా కోపం వల్ల రశీదులు మారిపోవు. మీరు పట్టుకున్న కీర్తన 105:15 పైవచనంతో కలిపి చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు దిక్కులేక పరదేశులుగా తిరుగుతుంటే వాళ్ల కోసం రాజుల్ని గద్దించిన మాట అది. బలహీనుడి కోసం పలికినదాన్ని అధికారంలో ఉన్నవాడికి డాలు చేశారు.

శాంతిబాట: సరే, నా అసలు అభ్యంతరం వినండి. ఆ ప్రవక్తలకు యెహోవా వాక్కు వచ్చింది. మీకు వచ్చిందా? అబద్ధ ప్రవక్త హనన్యా కూడా "యెహోవా సెలవిస్తున్నాడు" అంటూనే అబద్ధం చెప్పాడు (యిర్మీయా 28).

తెకోవ: యిర్మీయాను చంపాలని పట్టుబట్టినప్పుడు అడ్డుపడిన పెద్దలు ప్రవక్తలు కారు. సుమారు నూరేళ్ల కిందట మీకా "సీయోను పొలంలా దున్నబడుతుంది" అన్నా హిజ్కియా రాజు అతన్ని చంపలేదని గుర్తుచేశారు, అంతే. యిర్మీయా చెప్పిన మాటలే పలికిన ఊరియా అనే ప్రవక్తను యెహోయాకీము ఐగుప్తు నుంచి రప్పించి మరీ నరికించాడు. వాక్కు మళ్లీ రానక్కర్లేదు, రాసి ఉన్నదే ఆధారం.

శాంతిబాట: ఆ పెద్దలు యిర్మీయాను కాపాడారు, యెహోయాకీమును నిలదీయలేదు. ఈ తేడాకు జవాబు రాయండి.