పాలిమర్ కలిపిన మట్టి: ఆరితే బలం 3.1 ఎంపీఏ (మెగాపాస్కల్), నానితే 1.1. బేస్‌కి పనికొస్తుందా?

మొరంబాట: 3.75 మీటర్ల గ్రామీణ రోడ్డు, 150 మి.మీ. బేస్ (పై పొర కింద బరువు మోసే పొర). ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రమట్టి, పీఐ (మట్టి జిగట సూచిక) 7. స్టైరీన్ అక్రిలిక్ ఎమల్షన్ (సగం ఘనపదార్థం, సగం నీరు) పొడిమట్టి బరువులో 2 శాతం. 7 రోజులు ఆరబెట్టిన శాంపిల్ యూసీఎస్ (నొక్కుడుకి తట్టుకునే బలం) 3.1 ఎంపీఏ, 24 గంటలు నానబెట్టాక 1.1. కంపెనీ షీట్‌లో పొడి విలువే ఉంది. దేన్ని లెక్కలోకి తీసుకోవాలండీ? చివరి 400 మీటర్లు నల్లరేగడి. అక్కడా ఇదే మోతాదా?

సబ్‌గ్రేడ్: తడి విలువేనండి. పాలిమర్ సిమెంటులా నీటితో గట్టిపడదు. నీరు ఆవిరయ్యాకే రేణువుల మధ్య పొర కడుతుంది, మళ్లీ నీరు చేరితే ఆ పొర మెత్తబడి పట్టు వదులుతుంది. ఎస్‌పీ 72 (ఐఆర్‌సీ గ్రామీణ రోడ్ల డిజైన్ మార్గదర్శకం) సిమెంట్ బేస్‌కి అడిగే 3 ఎంపీఏ తేమలో క్యూరింగ్ చేసిన శాంపిల్‌ది, దాని పక్కన మీ 3.1 పెట్టకండి. 2 శాతం సిమెంట్ కూడా కలిపి చూడండి. ముందు బకెట్‌లో ఎమల్షన్, సిమెంట్ పాలు కలపండి, పెరుగులా విరిగితే ఆ జోడీ వద్దు. వినైల్ ఎసిటేట్ రకమైతే సిమెంట్ క్షారానికి దెబ్బతింటుంది.

మన్నిక కోసం 12 సార్లు నానబెట్టి ఆరబెట్టే తడి-పొడి చక్రాల పరీక్షలో ఒక మెలిక ఉంది: ప్రతి చక్రంలో 71 డిగ్రీల ఓవెన్‌లో 42 గంటలు ఉంటే పాలిమర్ ఇంకా బాగా పొర కడుతుంది. సైట్‌లో ఆ వేడి ఎక్కడిది? నీడన ఆరిన శాంపిల్‌ని నేరుగా నానబెట్టిన ఫలితాన్నే ఎక్కువ నమ్ముతాను.

రేగడి_రోడ్లు: నల్లరేగడిలో వద్దు. ఎమల్షన్ గడ్డల పైపైనే అంటుకుంటుంది, లోపల మామూలు మట్టే. ఉబ్బినప్పుడు పొర చిట్లిపోతుంది. అక్కడ 3–4 శాతం సున్నం కలిపి, ఒకరోజు మాగనిచ్చి, మళ్లీ రోటవేటర్ తిప్పి రోలింగ్ చేయండి.

మొరంబాట: సరేనండి. ఎర్రమట్టి భాగానికి నీళ్ల లెక్క?

సబ్‌గ్రేడ్: ఎండీడీ (రోలింగ్‌తో వచ్చే గరిష్ఠ పొడి సాంద్రత) ఘన సెం.మీ.కి 1.9 గ్రాములు అనుకుంటే చదరపు మీటరుకి 285 కిలోల పొడిమట్టి, 5.7 కిలోల ఎమల్షన్. ఓఎంసీ (ఆ సాంద్రత రావడానికి సరిపోయే తేమ) 10 శాతమైతే మొత్తం నీరు 28.5 లీటర్లు. మట్టిలో 4 శాతం తేమ ఉంటే 11.4, ఎమల్షన్‌లో 2.85 పోగా పోయాల్సింది 14 లీటర్లే. ఎమల్షన్‌లోని నీటిని మరిచిపోతే తేమ ఓఎంసీ దాటి, సాంద్రత రాదు. ఎమల్షన్‌ని ఈ నీళ్లలోనే కలిపి ట్యాంకర్‌తో చల్లండి. రోడ్డు లెవెల్‌ని రోలింగ్‌కి ముందే సరిచేయాలి, ఆరిన బేస్ మీద తర్వాత పల్చగా వేసిన మట్టి పెచ్చులుగా లేస్తుంది. రెండు రోజులు వాన లేని సమయం చూసుకోండి.