టేపుతో పాటు రంగు ఊడి వస్తే అతుకు వేయాలా, మొత్తం కడిగేయాలా?

ఓరుగల్లు రెక్కలు (హనుమకొండ)

మాకు తెలిసిన ఒక ఇంటర్ విద్యార్థి మన వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ వాడే హాక్ విమానానికి 1/72 స్కేలులో, అంటే అసలులో 72వ వంతు సైజులో, ప్లాస్టిక్ మోడల్ కడుతున్నాడు. ఇల్లు మామునూరు వైపు. నిజాం కాలం నాటి రన్‌వే పక్కన పెరిగిన పిల్లవాడికి విమానాల మోజు ఎక్కడిదని అడగక్కర్లేదు. బూడిదరంగు ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే అడుగు పూత) మీద తెలుపు కొట్టాడు. అది ఆరాక, తెల్లగా ఉండాల్సిన చోట టేపు అంటించి ఎరుపు కొట్టాడు. రంగులు టమియా కంపెనీ యాక్రిలిక్, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో వేసినవే. టేపు తీసేటప్పుడు ఎడమ రెక్క మీద గోరంత మేర తెలుపు టేపును పట్టుకుని లేచి వచ్చింది. కుడి రెక్క మీద ఎరుపు టేపు కిందికి పాకి, సూటిగా ఉండాల్సిన అంచు వంకరటింకరగా తేలింది.

లేచినచోట మాత్రమే సరిచేయాలా, మొత్తం రంగు కడిగి మళ్లీ మొదలుపెట్టాలా? నేను రెండోదే సరైనదంటాను. ఒకచోట ఊడిన రంగు మిగతాచోట్ల గట్టిగా ఉందనడానికి ఆధారం ఏమిటి? తోక మీద, ముక్కు మీద ఇంకా టేపు వేయాల్సి ఉంది. ఈరోజు రెక్కకు అతుకు వేస్తే రేపు తోక దగ్గర ఊడుతుంది. పైగా అతుకు అంచును దాచడం చెప్పినంత తేలిక కాదు. రంగు గట్టు మిల్లీమీటరులో పదోవంతే ఉన్నా, 72తో గుణించి చూడండి. అసలు విమానం రెక్క మీద ఏడు మిల్లీమీటర్లకు పైగా ఎత్తున్న మెట్టు అవుతుంది.

మానేరు గట్టు (కరీంనగర్)

రెక్కలు గారూ, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమంటున్నారు మీరు. గోరంత చోటు కోసం విమానమంతా కడిగించడం ఆ పిల్లవాడికి శిక్ష వేయడమే.

కడగడంలో పోయేది రంగు ఒక్కటే కాదని కట్టినవాళ్లందరికీ తెలుసు. రంగు తీయడానికి వాడే స్పిరిట్ (ఆల్కహాల్) కాక్‌పిట్ లోపలికి దిగుతుంది. లోపల చేత్తో వేసిన సీట్లు, మీటర్ల రంగులు కరుగుతాయి. పాత టూత్‌బ్రష్‌తో రుద్దేటప్పుడు ముక్కు మీది సన్నటి గొట్టం విరుగుతుంది. అతుకుల్లో పెట్టిన లప్పం ఏ రకమైనదో దాన్ని బట్టి అదీ మెత్తబడవచ్చు. ఇవన్నీ మళ్లీ చేయడానికి పట్టే సమయంలో పావువంతు చాలు అతుకు వేయడానికి.

పద్ధతి చెబుతాను. ముందు ఊడిన గుంట అంచులను గట్టిపడనివ్వాలి. కనీసం ఒక రోజంతా ముట్టుకోకూడదు. తర్వాత 1500 నంబరు ఎమరీ పేపరును చిన్న ముక్కగా కత్తిరించి, నీళ్లలో తడిపి, గుంట మధ్యలో నుంచి బయటికి రుద్దాలి. వేలు నొక్కి రుద్దితే వేలి ఒత్తిడికి కొత్త గుంట పడుతుంది. అందుకే పేపరు వెనక రబ్బరు ముక్క పెట్టుకోవాలి. తరచుగా తుడిచి, గోటి కొనతో అంచును గీరి చూడాలి. గోరు తట్టుకుంటే ఇంకా రుద్దాలి. తట్టకుండా జారితే అంచు కలిసినట్టు. అక్కడ నుంచి 2000 నంబరుతో ఒకసారి మెత్తగా రుద్ది, ప్రైమర్‌ను బాగా పలుచన చేసి కొట్టాలి. ఆరాక తెలుపును అలాగే పలుచగా, నాలుగైదు పొరలుగా వేయాలి. ఒకే పొరలో గుంట నింపాలని చూస్తే చుట్టూ మళ్లీ గట్టు లేస్తుంది. పక్కనున్న ఎరుపు పొడి తెలుపు మీదికి చేరితే గులాబీ మరక పడుతుంది, కనుక తుడిచే బట్టను ప్రతిసారీ మార్చాలి.

ప్యానెల్ గీతలు (విమానం రేకుల అతుకులను చూపే సన్న గాట్లు) రుద్దుడుకు పూడిపోతే సూదితో మళ్లీ తీసుకోవచ్చు. ఏడు మిల్లీమీటర్ల మెట్టు గురించి లెక్క చెప్పారు, నిజమే. గోరు తట్టకుండా రుద్దాక ఆ మెట్టు ఉండదు.

కాజీపేట లోకో

టేపు ఏది వాడారో ఎవరూ అడగలేదేం? హార్డ్‌వేర్ దుకాణంలో దొరికేది కారు షెడ్ల కోసం చేసిన టేపు. దాని జిగురు ఇనుప రేకు మీది రంగుకు సరిపోతుంది, ప్లాస్టిక్ మీది పలుచటి పూతను లాగేస్తుంది. మోడళ్ల కోసం అమ్మే పసుపు టేపు కాస్త ఖరీదే కానీ జిగురు తక్కువ. అదైనా సరే, ముందు అరచేతికి రెండుసార్లు అంటించి తీసి, జిగురు తగ్గించి వాడాలి.

రెండో సంగతి, రోలు అంచును నేరుగా వాడకూడదు. డబ్బాలో పడి దొర్లి ఆ అంచుకు దుమ్ము, నూగు పట్టి ఉంటాయి. టేపును అద్దం మీద అంటించి, స్టీలు స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో అంచు కోసుకోవాలి. కుడి రెక్క మీద ఎరుపు పాకడానికి ఇదే కారణమై ఉంటుంది.

నిర్మల్ కొయ్య

అన్నలిద్దరూ మందు గురించి వాదిస్తున్నారు, రోగం ఏదో ఇంకా తేలలేదు. ఆ ఊడదీసిన టేపు ముక్క పారేశారా? పారేయకపోతే తిప్పి చూడండి. సమాధానం దాని మీదే ఉంటుంది.

టేపు జిగురు వైపు తెలుపు ఒక్కటే ఉంటే, ప్రైమర్ ప్లాస్టిక్‌ను వదల్లేదు, తెలుపు ప్రైమర్‌ను వదిలింది. తెలుపు వెనక బూడిద పొర కూడా ఉంటే ప్రైమర్‌తో సహా మొత్తం ప్లాస్టిక్‌ను వదిలేసింది. మొదటి రకం తరచుగా ఆ ఒక్కచోట రంగు ఎండుగా పడటం వల్ల వస్తుంది. అతుకు చాలు. రెండో రకం అయితే అడుగునే పట్టు లేదు. ముక్కలను అచ్చు నుంచి తేలిగ్గా ఊడటానికి వాడే నూనె వంటి పదార్థం ప్లాస్టిక్ మీద మిగిలిపోతుంది. గిన్నెలు తోమే ద్రవంతో కడగకుండా ప్రైమర్ కొడితే ఆ పదార్థం మీదే పూత నిలబడుతుంది. ఒకచోట కాదు, ఎక్కడ టేపు వేసినా ఊడుతుంది.

రెక్క మీద గుంటను కూడా చూడండి. ప్లాస్టిక్ బూడిదరంగు, ప్రైమర్ బూడిదరంగు కాబట్టి రంగు చూసి తేడా పట్టలేరు. బల్లదీపాన్ని పక్కనుంచి, ఏటవాలుగా పెట్టండి. నున్నగా మెరిస్తే అది ప్లాస్టిక్. మెరుపు లేకుండా మొద్దుగా ఉంటే ప్రైమర్.

మా ఊళ్లో బొమ్మలు చేసేవాళ్లు పొనికి కర్ర మీద నేరుగా రంగు వేయరు. చింతగింజల ముద్దతో, రంపపు పొట్టుతో అతుకులు పూడ్చి, పైన తెల్లమట్టి పూత పట్టించి, ఆరబెట్టి, నున్నగా రుద్దాకే రంగు ముట్టుకుంటారు. కింద పొర పట్టు చూడకుండా పై పొర గురించి ఎవరూ మాట్లాడరు. మనం పైనుంచి మొదలుపెడుతున్నాం.

ఎండల ఊరు (రామగుండం)

ఇంకో కారణం కూడా ఉంది. ఎప్పుడు కొట్టాడు? ఎండాకాలం మధ్యాహ్నం డాబా మీద కొడితే రంగు చుక్క ప్లాస్టిక్‌ను తాకేలోపే గాలిలో సగం ఆరిపోతుంది. పొడిలా పడుతుంది. చేత్తో తడిమితే గరుకు తెలుస్తుంది. ఆ గరుకు తెలుపును ఏ టేపైనా లాగేస్తుంది, ఎరుపు కూడా ఆ గరుకు సందుల్లోంచే పాకుతుంది. 40 డిగ్రీలు దాటే మా దగ్గర నేను మే నెలలో తెల్లవారుజామునే కొడతాను, ఆరుదలను నెమ్మది చేసే రిటార్డర్ కొన్ని చుక్కలు కలుపుతాను.

వానాకాలంలో తిప్పలు వేరు. గాలిలో తేమకు లాకర్ రంగులు (ఘాటైన థిన్నర్‌తో కలిపే రకం), వార్నిష్‌లు తెల్లగా మసకబారతాయి. వాన పడే రోజు ఆ పని పెట్టుకోకపోవడమే మేలు.

మంచిర్యాల కుంచె

ఈ గొడవంతా టేపు వల్లే కదా. ఎరుపు మొత్తం కొట్టేసి, తెల్ల చారలను డెకాల్ కాగితం (నీళ్లలో తడిపి అంటించే అచ్చు బొమ్మల కాగితం) నుంచి కోసి అంటించండి. లేదా కుంచెతో వేయండి. టేపు అంటించిన ప్రతిసారీ పాత పూతను పందెం పెడుతున్నట్టే.

మానేరు గట్టు (కరీంనగర్)

కుంచె గారూ, తెల్ల డెకాల్ చాలావాటిలో సిరా పలుచన. ఎరుపు మీద వేస్తే అడుగు రంగు కనిపించి గులాబీగా తేలుతుంది. రెండు పొరలు వేస్తే మందం. తెలుపు కింద, ఎరుపు పైన ఉండటమే ఈ జట్టు రంగులకు సరైన వరుస. ఎరుపు మీద తెలుపు కొట్టాలంటే మధ్యలో వెండిరంగో బూడిదరంగో అడ్డుపొర వేయక తప్పదు.

సన్న గీతల వరకు మీ మాట ఒప్పుకుంటాను. రెక్క మీద అంత వెడల్పు చోటుకు కాదు.

మంచిర్యాల కుంచె

వెడల్పు ఎంతని? హాక్ రెక్కలు ఈ స్కేలులో కొస నుంచి కొసకు దాదాపు 13 సెంటీమీటర్లు. మంచి కుంచె, పలుచటి రంగు, ఓపిక ఉంటే సరిపోతుంది. ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ కొనలేని పిల్లలు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వాళ్లకు ఈ అభిరుచి అందకుండా పోకూడదని నా తాపత్రయం. నేర్పేవాళ్లు ముందు కుంచె నేర్పాలి.

ఓరుగల్లు రెక్కలు (హనుమకొండ)

కుంచె గారి తాపత్రయం నాకూ ఉంది, దాని మీద వేరే చర్చ పెడదాం. ఇక్కడ మాత్రం నిర్మల్ తమ్ముడి మాట మీద టేపు తీసి చూశాం. తెలుపు వెనక బూడిద పొర స్పష్టంగా ఉంది. గుంటలో దీపం పెడితే నున్నగా మెరిసింది. అంటే ప్రైమర్‌తో సహా లేచింది. ముక్కలు కడగలేదని పిల్లవాడే చెప్పాడు. టేపు మాత్రం పసుపుదే. కాబట్టి నేను మొదట చెప్పిందే నిలుస్తుంది, మొత్తం కడగాలి.

మానేరు గట్టు (కరీంనగర్)

ప్రైమర్ వదిలిందని రుజువైంది కనుక ఎడమ రెక్క విషయంలో నా వాదం వెనక్కి తీసుకుంటున్నాను. మొత్తం అనే మాట దగ్గర మాత్రం ఆగండి. పరీక్షించకుండా ఎందుకు కడగడం? టేపు ముక్కను అరచేతికి అంటించకుండా, పూర్తి జిగురుతో, పొట్ట కింద ఒకచోట, కుడి రెక్క కింద ఒకచోట, తోక మీద ఒకచోట వేసి నొక్కండి. టేపును దాని మీదికే మడిచి, ఉపరితలానికి ఆనించినట్టుగా నెమ్మదిగా లాగండి. నిటారుగా పైకి లాగితే మంచి పూత కూడా లేస్తుంది, పరీక్ష చెల్లదు. ఎక్కడ లేస్తే ఆ భాగం వరకు కడగండి. రెక్క పొట్టను కలిసేచోట సహజమైన గీత ఉంది, అక్కడ ఆపితే కొత్త పూతకు, పాత పూతకు మధ్య హద్దు కనిపించదు.

కుడి రెక్క మీద ఎరుపు పాకిన సంగతి పూర్తిగా వేరు. అది అడుగు పట్టుకు సంబంధించింది కాదు. టేపు అంచును పుల్లతో నొక్కాక, ఎరుపు కొట్టేముందు అదే తెలుపును అంచు మీద పలుచగా కొట్టాలి. సందులేమైనా ఉంటే తెలుపే పాకి పూడుస్తుంది, ఎరుపుకు దారి ఉండదు. అక్కడ పూత గట్టిగా ఉంటే పాకిన ఎరుపును 2000 నంబరుతో తేలిగ్గా గీకి, తెలుపు మళ్లీ కొడితే చాలు.

నిర్మల్ కొయ్య

మానేరు అన్న పరీక్షే సరైనది. నాదొక చేర్పు. టేపు వేసినచోట ఇప్పుడు నిలిచినా, కడగని ప్లాస్టిక్ మీద ఉన్న పూతే కదా. ఇంకా టేపు పడాల్సిన తోక, ముక్కు మాత్రం పరీక్షలో నెగ్గినా కడగమంటాను. ఇక టేపు పడని పొట్ట కింది భాగాన్ని వదిలేయవచ్చు.

కాజీపేట లోకో

కడిగేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. టమియా యాక్రిలిక్‌కు మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. కారు షెడ్డులో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ దగ్గరకు రానివ్వకండి. అది రంగుతో పాటు ప్లాస్టిక్‌నూ కరిగిస్తుంది. ప్రైమర్ లాకర్ రకమైతే ఆల్కహాల్‌కు అంత తేలిగ్గా రాదు. ఇక్కడ అడుగున పట్టు లేదు కాబట్టి పైరంగు పోయాక టేపుతోనే చాలావరకు ఊడుతుంది, మిగిలింది రుద్దుకోవాలి.

ఓరుగల్లు రెక్కలు (హనుమకొండ)

పరీక్ష చేశాం. కుడి రెక్క కింద ఊడింది, తోక మీద ఊడింది, పొట్ట కింద నిలిచింది. రెండు రెక్కలు, తోక, ముక్కు కడుగుతున్నాం. పొట్ట మీద నాకు ఇంకా నమ్మకం లేదు, కానీ మానేరు గారి మాటకు, పిల్లవాడి కోరికకు విలువ ఇచ్చి వదిలేస్తున్నాం. కాక్‌పిట్ అద్దం మూత ఇంకా అంటించలేదు కనుక దాన్ని పక్కన పెట్టి, లోపల తడి దూది కుక్కి, స్పిరిట్‌లో ముంచకుండా దూదితో తుడుస్తూ తీస్తాం. కిటికీలు తెరిచి, వంటగదికి దూరంగా. కడిగిన భాగాలను సబ్బు నీళ్లతో తోమి, ఆరాక వేలు తగలకుండా ప్రైమర్ కొట్టిస్తాను.

ఎండల ఊరు (రామగుండం)

ప్రైమర్ కొట్టేది పొద్దున్నే అయితే బాగుంటుంది, రెక్కలు గారూ. తెలుపు వేశాక టేపు జోలికి వెంటనే వెళ్లనివ్వకండి, రెండు రోజులు ఆరనివ్వండి. ఎరుపు కొట్టాక మాత్రం టేపును రాత్రంతా ఉంచనివ్వకండి. ఈ వేడికి జిగురు పూతలోకి దిగుతుంది.