21 ఏళ్ళ ప్యాటర్సన్, 20 ఏళ్ళ టైసన్: పిల్లల వాదన ఎలా తేల్చాలి?

ప్రశ్న (గాజువాక నుంచి)

అందరికీ నమస్కారం. మా కాలనీ హాల్లో సాయంత్రాలు పిల్లలకి బాక్సింగ్ నేర్పుతున్నాను. నెల రోజులుగా ఇద్దరు కుర్రాళ్ళ మధ్య ఒకటే వాదన. 1956లో 21 ఏళ్ళకే హెవీవెయిట్ ఛాంపియన్ అయిన ఫ్లాయిడ్ ప్యాటర్సన్, 1986లో 20 ఏళ్ళకే ఆ రికార్డు బద్దలుకొట్టిన మైక్ టైసన్, అదే వయసులో ఎదురెదురుగా నిలబడితే గెలుపెవరిది అని. ఇద్దరి గురువూ కస్ డమాటోయే కావడంతో గొడవ ఇంకా ముదిరింది. ఆదివారం ప్రొజెక్టర్ పెట్టి ఫైట్లు చూపిద్దామనుకుంటున్నాను. ఏవి చూపించాలి, పిల్లల్ని ఏం గమనించమనాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు (విజయవాడ నుంచి)

తమ్ముడూ, ముందు బరువు తేల్చు. అది తేలకపోతే మిగతా వాదనంతా గాలిలోదే. ఆర్చీ మూర్ మీద గెలిచి టైటిల్ అందుకున్న రాత్రి ప్యాటర్సన్ 182 పౌండ్లు, అంటే 83 కిలోలు కూడా లేడు. ట్రెవర్ బెర్బిక్‌ని కొట్టి టైటిల్ అందుకున్న రాత్రి టైసన్ 221 పౌండ్లు, అంటే 100 కిలోలు. తేడా 17 కిలోల పైమాటే. మనింట్లో గ్యాస్ బండలో ఉండే గ్యాస్ 14 కిలోల చిల్లర, దానికన్నా ఎక్కువ. ఇప్పటి లెక్కలో ప్యాటర్సన్ 200 పౌండ్ల లోపువాళ్ళ క్రూయిజర్‌వెయిట్ తరగతిలో ఆడేవాడు. 1956లో ఆ తరగతే లేదు, అందుకే హెవీవెయిట్ అయ్యాడు. ఉన్న బరువులతోనే దింపితే మూడు రౌండ్లలోపే టైసన్ ముగించేస్తాడని నా నమ్మకం.

జవాబు (నిజామాబాద్ నుంచి)

అన్న చెప్పింది నిజం. మా ఊరి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్, 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో. పారిస్ ఒలింపిక్స్‌లో ఉన్న తరగతి 50 కాబట్టి కిందికి దిగాల్సి వచ్చింది. రెండు కిలోలకే అంత కష్టపడాలి. పిల్లలకి బరువు సంగతి అర్థం కావాలంటే ఈ ఉదాహరణ చెప్పండి, చప్పున ఎక్కుతుంది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు అన్నా. మరి బరువు సమానం చేసి ఊహిస్తే? మా కుర్రాడు అడిగేది అదే. "ఇద్దరికీ ఒకే గురువు, ఒకే గార్డు (చేతులతో ముఖం కాచుకునే తీరు), ఇంక తేడా ఏముంటుంది మాస్టారూ?" అంటున్నాడు.

జవాబు (విజయవాడ నుంచి)

ఒకే గురువు అయినంత మాత్రాన ఒకే చదువు కాదు తమ్ముడూ. ప్యాటర్సన్ న్యూయార్క్‌లో డమాటో దగ్గర చేరేనాటికి ఆయన ఇంకా తన పద్ధతి తేల్చుకుంటున్నాడు. టైసన్ క్యాట్‌స్కిల్‌లో ఆయన ఇంట్లో పెరిగేనాటికి అదే గురువు ప్యాటర్సన్ గెలుపులూ ఓటములూ కళ్ళారా చూసేశాడు. పెద్ద శిష్యుడి తప్పుల నుంచి చిన్న శిష్యుడు లాభపడ్డాడని నేననుకుంటాను. 1985 నవంబరులో డమాటో పోయాడు, టైసన్‌కి టైటిల్ వచ్చింది ఆ మరుసటి నవంబరులో. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక వీడియోలు. ముందు 1956 నవంబరు 30న షికాగోలో జరిగిన మూర్ ఫైట్ పెట్టు. అయిదో రౌండులో ప్యాటర్సన్ లెఫ్ట్ హుక్‌తో, అంటే ఎడమ చెయ్యి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బతో, మూర్‌ని పడగొడతాడు. సౌండ్ ఆపేసి పాదాలు మాత్రమే చూడమను. ప్యాటర్సన్‌కి ఎగిరి కొట్టే అలవాటుంది, ఆ క్షణంలో రెండు పాదాలూ నేల మీద ఉండవు. గాలిలో ఉన్నవాడు దెబ్బ తప్పించుకోలేడు. టైసన్ పాదాలు మాత్రం కొట్టేటప్పుడు చాలావరకు నేలని పట్టుకునే ఉంటాయి. బెర్బిక్ ఫైట్ రెండో రౌండులో ఒక్క లెఫ్ట్ హుక్ తగిలాక బెర్బిక్ లేస్తాడు, కాళ్ళు తడబడి పడతాడు, మళ్ళీ లేచి మళ్ళీ పడతాడు. అక్కడ ఆపి, టైసన్ ఎక్కడ నిలబడి కొట్టాడో వేలు పెట్టి చూపించు.

జవాబు (డల్లాస్ నుంచి)

అన్నా, నేను ప్యాటర్సన్ వైపు. చేతుల వేగంలో ఆయన టైసన్‌కి తీసిపోడు. 1986 మేలో జేమ్స్ టిల్లిస్ కదులుతూ ఆడి టైసన్‌ని పది రౌండ్లూ నిలబెట్టాడు. 1987లో బోన్‌క్రషర్ స్మిత్ పట్టుకుని వేలాడి పన్నెండు రౌండ్లూ లాగాడు. అంటే ఆ వయసు టైసన్‌ని కూడా ఆపే దారులున్నాయి.

జవాబు (విజయవాడ నుంచి)

ఉన్నాయి, కాదనను. కానీ ప్యాటర్సన్ పట్టుకుని వేలాడే రకం కాదు, దూకి లోపలికి వచ్చే రకం. 1957లో సియాటిల్‌లో పీట్ రాడెమాకర్, ప్రొఫెషనల్‌గా తొలి ఫైట్ ఆడుతున్నవాడు, రెండో రౌండులో ఆయన్ని కింద పడేశాడు. ప్యాటర్సన్ లేచి ఆరో రౌండులో గెలిచాడు. 1959లో స్వీడన్ బాక్సర్ యోహాన్సన్ ఆయన్ని ఒకే రౌండులో ఏడుసార్లు పడేశాడు, ఏడుసార్లూ లేచాడు, చివరికి రిఫరీ ఆపాల్సి వచ్చింది. ఆ లేవడం చూస్తే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అయినా సమాన బరువులో కూడా టైసన్ అనే నా మాట, కాకపోతే ఏడెనిమిది రౌండ్లు పడుతుంది. పదిహేను రౌండ్ల పాత నిబంధన పెట్టి, మొదటి ఆరూ ప్యాటర్సన్ దాటేస్తే మాత్రం నేను ధైర్యంగా చెప్పలేను.

ప్రశ్న అడిగినవారు (సోమవారం)

అన్నయ్యలందరికీ కృతజ్ఞతలు. నిన్న చూశాం. సౌండ్ ఆపగానే హాలంతా నిశ్శబ్దం. టైసన్ పక్షం వాడు మూర్ ఫైట్ మూడుసార్లు వెనక్కి తిప్పించి "మాస్టారూ, ఇక్కడ కుడి మడమ లేచింది" అన్నాడు. ప్యాటర్సన్ పక్షం వాడు ఏమీ అనకుండా లేచి సుద్దముక్కతో నేల మీద రెండు పాదాల గుర్తులు గీసి, వాటి మీద నిలబడి హుక్ కొట్టి చూసుకున్నాడు. ఒక్కటే సందేహం మిగిలింది. డమాటో శిష్యులు పరుపు బస్తా మీద అంకెలు రాసుకుని కొట్టేవారట కదా, అది మనం చేసుకోవచ్చా?

జవాబు (విజయవాడ నుంచి)

చేసుకోవచ్చు. దాన్ని విల్లీ అనేవారు. 1965లో డమాటో శిష్యుడు హోసే టోరెస్ విల్లీ పాస్ట్రానోతో ఫైట్‌కి తయారవుతూ వాడాడు, ఆ పేరు అలా వచ్చింది. పాత పరుపు నిలువుగా గోడకి గట్టిగా కట్టు. మీద మనిషి బొమ్మ గీసి దవడ, గడ్డం, పక్కటెముకల దగ్గర అంకెలు వెయ్యి. నువ్వు అంకె పిలు, వాళ్ళు కొట్టాలి. సుద్దతో గీసిన పాదాల గుర్తులు మాత్రం చెరపకు, వాటి మీద నిలబడే కొట్టించు.