శివారు చేలకు వంతు నీళ్లు: ఎవరిని అడగాలి?

మాది గోదావరి మధ్య డెల్టాలో కాలువ శివారు. దాళ్వా (రెండో పంట) వరి పొట్ట మీద ఉంది, చేను నెర్రెలిస్తోంది. మార్చి మొదటి వారం నుంచి వంతుల వారీ నీళ్లు. మా వంతు రోజున బోదెలో (పొలానికి వచ్చే పిల్ల కాలువలో) చీలమండ లోతు కూడా ఉండట్లేదు, ఇంజన్ ఫుట్‌వాల్వు గాలి పీలుస్తోంది. మర్నాడు కాలువ నిండుగా వస్తుంది, కానీ అప్పటికి మా తూము మూసేస్తారు.

కాలువ నీళ్లు వదిలే లస్కర్‌ని అడిగితే పైనుంచే తక్కువన్నాడు. సెక్షన్ ఆఫీసులో, ఎగువన సీలేరు జలవిద్యుత్ కేంద్రంలో కరెంటు తీసి వదిలిన నీళ్లు ధవళేశ్వరం బ్యారేజీకి చేరితేనే ఇవ్వగలమన్నారు. కరెంటు వాళ్లేమో ఇరిగేషన్ వాళ్లనే అడగమన్నారు. నీటి సంఘం తీర్మానం చేసి పంపాం, పైకి అర్జీ పెట్టాం, కదలిక లేదు. ఎగువ రైతుల మీద పడి లాభం లేదు, వాళ్లకీ పైరు గండంలోనే ఉంది.

సీలేరు విడుదలను బట్టి శివారు వంతు తేదీలు మార్చే అధికారం ఏ స్థాయి అధికారిది? తెలిసినవాళ్లు చెప్పండి.